మన గొంతులు, మన మైకులు

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు తప్పించుకోబోయాను. నేను చరిత్రకారుణ్ణి కాను, 1972 నుంచి 2008 దాకా ముప్పై ఆరేళ్లు ఫైళ్ల మీద నోటింగులు రాసిన గుమస్తాను అన్నాను. ఆయన నవ్వి, "మన సంఘం మైకు కొన్న కథ రాయండి, అదే చరిత్ర" అన్నారు. ఆయన హాస్యానికి అన్నా, ఇంటికి వచ్చి ఆలోచిస్తే అందులో నిజముందనిపించింది. తెనాలి, బాపట్ల, రేపల్లె ఊళ్లలో పుట్టి పెరిగిన మనకు మాట, పద్యం, నాటకం కొత్త కావు. ఆ గొంతుల్లో ఏవి నిలిచాయి, ఏవి గాలిలో కలిసిపోయాయి, ఎందువల్ల అనేది తెలుసుకోవలసిన సంగతే. అందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. దాన్ని దాచకుండా చివర చెబుతాను.

మైకు లేని రోజులు

మా నాన్నగారు తెనాలి దగ్గర పల్లెటూళ్లో బడిపంతులు. నాటకాల పిచ్చి. ఎక్కడ నాటకమన్నా సైకిలు మీద వెళ్లి, తెల్లారి వచ్చి, అలాగే బడికి పోయేవారు. బాపట్లలో 1902లో పుట్టి తెనాలి శ్రీరామ విలాస సభలో పేరు తెచ్చుకున్న స్థానం నరసింహారావుగారి సత్యభామ, చింతామణి, రోషనార వేషాల గురించి ఆయన చెబుతుంటే మేము నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. మగవాడు ఆడవేషం వేసి, ఆ గొంతుతో, ఆ వయ్యారంతో, మైకు సాయం లేకుండా పందిరి నిండా ఉన్న జనాన్ని కూర్చోబెట్టడం మాటలు కాదు. "స్థానంవారు గుసగుసలాడినా నేలటిక్కెట్టు వాడికి వినపడేదిరా" అనేవారు నాన్నగారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 1971లో కాలం చేశారు.

తెనాలికి దగ్గరలోని సుద్దపల్లిలో పుట్టిన కల్యాణం రఘురామయ్యగారిది ఇంకో దారి. వేలు నోట్లో పెట్టుకుని పద్యం మొత్తం ఈలతో పాడేవారు. అందుకే ఆయన ఈలపాట రఘురామయ్యగారయ్యారు. పెట్రోమాక్సు దీపాల వెలుగులో, హార్మోనియం శ్రుతి మీద, ఒక్కొక్క పద్యం చివర రాగం ఎంతసేపు సాగితే అన్ని "వన్స్ మోర్"లు.

ఇప్పుడు ఆలోచిస్తే నాకొకటి తోస్తుంది. ఆ రాగం అంత దీర్ఘంగా తీయడానికి సంగీతం ఒక్కటే కారణం కాదు. మామూలుగా మాట్లాడిన మాట నాలుగు వరసలు దాటదు. కంఠమెత్తి, అక్షరాన్ని సాగదీసి, శ్రుతిలో నిలబెడితే చివరి వరస దాకా పోతుంది. ఆనాటి పద్యం మైకు పని కూడా చేసింది. మైకులు వచ్చిన తరవాత పద్యం తగ్గి, మాట పెరిగిందంటే ఆశ్చర్యమేముంది?

బాకా ముందు పాట

మన దేశంలో పాటను గ్రామఫోన్ రికార్డుగా చేయడం 1902లో మొదలైంది. లండన్ గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన ఆ ఏడాది కలకత్తా వచ్చి, గౌహర్ జాన్ వంటి గాయకుల పాటలు రికార్డు చేశాడు. అప్పటికి రికార్డింగుకు మైకు లేదు, కరెంటు లేదు. పెద్ద రేకు బాకాలోకి నోరు పెట్టి పాడాలి. ఆ గాలి కదలికకు బాకా సన్నటి చివరన ఉన్న పలక అదిరి, దానికి తగిలించిన సూది మైనపు పళ్లెం మీద గీత గీసేది. గట్టిగా పాడేవాళ్లకే ఆ గీత లోతుగా పడేది. మెల్లగా పాడేవాళ్ల పాట ఎంత గొప్పదైనా సూదికి ఆననట్టే. అందుకే మంద్రంలో బాకాకు దగ్గరగా, తారస్థాయిలో వెనక్కు జరిగి పాడమనేవారట.

పాఠకులు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోవాలి. నోటికీ బాకాకూ మధ్య దూరం ఎంత అన్నదే ఆనాటి రికార్డింగు విద్య అంతా. నూట ఇరవై ఏళ్ల తరవాత మన సంఘం చేసిన పొరపాటూ సరిగ్గా అక్కడే జరిగింది.

మైకు అనే వస్తువు అసలు పుట్టింది పాటకోసం కాదు, టెలిఫోను కోసం. 1870ల చివర్లో బొగ్గుపొడి మైకు వచ్చింది. మాట తగిలి పలక అదిరితే బొగ్గుపొడి నొక్కుకుని వదులై, దానిలో పోయే కరెంటు ఎక్కువ తక్కువ అవుతుంది. మన ఆఫీసుల్లో ఉండే నల్ల ఫోన్లలో అదే ఉండేది. ట్రంకు కాల్‌లో మాట గరగరమంటే ఫోనును బల్లకేసి రెండుసార్లు తట్టేవాళ్లం, గుర్తుందా? గడ్డకట్టిన బొగ్గుపొడి విడిపోయి మాట తేటపడేది. మనలో చాలామందికి తెలియకుండానే మైకు మరమ్మతు చేసిన అనుభవం ఉంది.

1916లో అమెరికాలో బెల్ కంపెనీకి చెందిన వెంటె అనే ఇంజనీరు కండెన్సర్ మైకు కనిపెట్టాడు. రెండు పల్చటి లోహపు పలకలు, మధ్య వెంట్రుకవాసి ఖాళీ. మాటకు ముందు పలక కదిలితే ఆ ఖాళీ మారి విద్యుత్తులో తేడా వస్తుంది. 1925 నుంచి కరెంటుతో రికార్డింగు వచ్చి, బాకాలు మూలపడ్డాయి. గుండె లోతుల్లోంచి మెల్లగా పాడే వాళ్లకూ రికార్డుల్లో చోటు దొరికింది.

రేడియో వచ్చిన తరవాత

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. నేను పుట్టింది దాని తరవాత రెండేళ్లకు. మా ఊళ్లో పంచాయతీ రేడియో సాయంత్రం మోగితే రావిచెట్టు కింద జనం చేరేవాళ్లు. తరవాత ఇంటింటికీ ట్రాన్సిస్టర్లు వచ్చాయి. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీగారి భారత రామాయణాలు వింటూ అన్నాలు తిన్న తరం మనది. ఆయన అరిచి చెప్పేవారు కాదు. మన పీట పక్కన కూర్చుని మనతోనే మాట్లాడుతున్నట్టు ఉండేది. ఆ దగ్గరతనం ఎక్కడి నుంచి వచ్చింది? మాట చెప్పే గదిలో గోడలకు శబ్దం పీల్చే పలకలు, నేలకు తివాచీ, మైకు నోటికి దగ్గర. గది చప్పుడు చేయదు కాబట్టి మనిషి ఒక్కడే వినపడతాడు.

తెనాలి దగ్గర మోరంపూడిలో పుట్టిన కొంగర జగ్గయ్యగారు సినిమాల్లో స్థిరపడక ముందు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు. కంచుకంఠం అని లోకమంతా అంది. పందిట్లో చివరి వరసకు వినపడే రఘురామయ్యగారి కంఠం ఒక రకం, మైకు ముందు మెల్లగా పలికినా నిండుగా ఉండే జగ్గయ్యగారి కంఠం ఇంకో రకం. ఒకే ప్రాంతం మట్టిలోంచి రెండూ వచ్చాయి. మధ్యలో వచ్చిన తేడా మైకు.

మైకుసెట్లు, టేపురికార్డర్లు

ఇక మనందరి యవ్వనంలో మైకు అంటే మైకుసెట్టే. పెళ్లి పందిట్లో, శ్రీరామనవమికి, ఎన్నికలకు తాటిచెట్టుకు కట్టిన గంట ఆకారపు స్పీకర్లు, బ్యాటరీ, ఆంప్లిఫయరు, దానిమీద అహూజా అన్న పేరు. మైకుసెట్టబ్బాయి వేలితో మైకును టకటకా కొట్టి "హలో మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అంటే పిల్లలం పరుగెత్తేవాళ్లం. ఆ చేతి మైకులు ఎక్కువగా డైనమిక్ రకం. అయస్కాంతం మధ్య సన్నటి తీగచుట్ట, దానికి అంటించిన పలక. స్పీకరును తిరగేస్తే డైనమిక్ మైకు అన్నమాట. కింద పడ్డా, దుమ్ము పట్టినా పని చేస్తుంది. దానికి విడిగా కరెంటు అక్కరలేదు. దూరం మాట అంతగా పట్టుకోదు, నోటి దగ్గర పెట్టుకోవాలి. పందిరికి అది దోషం కాదు, గుణం. దూరం శబ్దాలు పట్టుకునే మైకయితే స్పీకరు మోతను మళ్లీ మింగి కూతపెడుతుంది.

1962లో అదే బెల్ ప్రయోగశాలలో గెర్‌హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు ఎలక్ట్రెట్ మైకును తయారు చేశారు. కండెన్సర్ మైకుకు బయటినుంచి ఎక్కువ వోల్టేజి ఇవ్వాలి. వీళ్లు శాశ్వతంగా విద్యుత్తు నిలవుండే ప్లాస్టిక్ పొర వాడారు. అందువల్ల మైకు బఠాణీ గింజంత అయింది, ధర పడిపోయింది, చిన్న బ్యాటరీతో పని చేసింది. మరుసటి ఏడు, 1963లో, ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్టు తెచ్చింది. ఈ రెండూ కలిసి మామూలు మనిషి చేతికి రికార్డింగును ఇచ్చాయి.

మా బావమరిది కువైట్ నుంచి 1981లో టూ-ఇన్-వన్ తెచ్చాడు. ముందు వైపు చిల్లులున్న చిన్న రంధ్రమే దాని మైకు. 1983 వేసవిలో నాన్నగారి చేత పద్యాలు పాడించి రికార్డు చేశాను. ఆయన మడతకుర్చీలో, టేపురికార్డరు ఆరడుగుల అవతల బల్ల మీద, నెత్తిన ఫ్యాను. ఇంటిల్లిపాదీ విని ఆనందించాం. నాన్నగారు పోయాక 1990లో మళ్లీ పెడితే ఏడుపొచ్చింది. పద్యం మొదలైనప్పుడు గొంతు వస్తుంది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగగానే ఫ్యాను హోరు పైకి లేస్తుంది. ఆ యంత్రాల్లో శబ్దం తగ్గితే తనంతట తానే పెంచే ఏర్పాటు ఉంటుందట. మనిషి ఆగినప్పుడల్లా గదిని పెంచి వినిపించింది. తరవాత ఆ టేపుకు బూజు పట్టింది. అదీ పోయింది.

అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది. రాలేదు.

సంఘం కొన్న మొదటి మైకు

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. రేపల్లె అందులోకి వెళ్లింది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. ఒకప్పుడు అందరం ఒకే జిల్లా ఉద్యోగులం. ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు విడిపోయే వేళ, పాత ఉద్యోగుల జ్ఞాపకాలు రికార్డు చేసి భద్రపరుద్దామని సంఘంలో తీర్మానం చేశాం. తాలూకాలు పోయి 1985లో మండలాలు వచ్చిన నాటి సంగతులు, 1977 ఉప్పెన, సెటిల్మెంటు రికార్డులు, ఇవన్నీ కళ్లారా చూసినవాళ్లు ఇంకా కొందరున్నారు. సెల్‌ఫోనులో రికార్డు చేయవచ్చు, మంచి మైకు ఒకటి ఉంటే చాలన్నారు. నిధి నుంచి నాలుగు వేలు మంజూరైంది. కొనే బాధ్యత నా మీద పెట్టారు.

ఒక కొట్లో అడిగితే పెద్ద డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. నల్లటి లావు మైకు, మడతచేయి స్టాండు, స్పాంజి తొడుగు, గుండ్రటి జాలీ. "సార్, స్టూడియో మైకు. సూది కింద పడ్డా వినిపిస్తుంది" అన్నాడు. మూడు వేల ఐదు వందలు. చూడగానే రేడియో స్టేషను గుర్తొచ్చింది. సూది కింద పడ్డా వినపడే మైకు మనకెందుకని నేను అడగలేదు. పుచ్చుకుని వచ్చాను.

మొదట రికార్డు చేయాలనుకున్నది మా పాత అటెండరును. రేపల్లె దగ్గర సముద్రతీర గ్రామం ఆయనది. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఆఫీసులో అందరం బాబాయ్ అని పిలిచేవాళ్లం. ఆయన నన్ను చివరిదాకా గుమస్తాగారూ అనే అన్నాడు. 1977 నవంబరు 19, శనివారం, ఉప్పెన వచ్చిన నాడు ఆయన సెలవు పెట్టి సొంత ఊళ్లో ఉన్నాడు. కృష్ణకు అవతల దివిసీమ పేరు లోకానికి తెలిసింది గాని, ఇవతల రేపల్లె తీరం కూడా ఆ రాత్రి నీళ్ల కింద పడింది. మొత్తం మీద సుమారు పదివేల మంది పోయారని లెక్క. బాబాయ్ తాటిచెట్టును కరుచుకుని బతికాడు. తల్లి, వదినె, అన్నగారి పిల్లలు ముగ్గురు, అయిదుగురూ కొట్టుకుపోయారు. భార్య మాత్రం పురిటికని బాపట్లలో పుట్టింట్లో ఉండబట్టి దక్కింది.

2022 ఆగస్టులో ఆయన్ను పిలిపించాం. హాల్లో గచ్చునేల, సున్నం గోడలు, రేకుల కప్పు, మూడు ఫ్యాన్లు. ఇరవై మంది సభ్యులు చూడటానికి వచ్చారు. మైకును దర్జాగా బల్ల మధ్యలో నిలబెట్టాం. బాబాయ్ బల్లకు అయిదడుగుల దూరంలో ప్లాస్టిక్ కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు. ఎన్నడూ ఎవరికీ చెప్పని సంగతి నలభై ఒక్క నిమిషాలు చెప్పాడు. చివర్లో ఆ అయిదుగురి పేర్లూ ఒక్కొక్కటిగా, మెల్లగా, తల వంచుకుని చెప్పాడు. మేమంతా కళ్లు తుడుచుకున్నాం.

సాయంత్రం ఇంట్లో పెట్టుకుని విన్నాను. ఫ్యాను స్పష్టంగా ఉంది. కుర్చీల కీచులున్నాయి. ఎవరిదో దగ్గు ఉంది. వీధిలో చేపలమ్మే ఆమె కేక మహా స్పష్టంగా ఉంది. బాబాయ్ గొంతు మాత్రం బావి అడుగు నుంచి వస్తున్నట్టుంది.

ఫోను చేసి చెబితే ఆయన ఏమీ అనుకోలేదు. "దానికేముంది గుమస్తాగారూ, వానలు తగ్గనీయండి, ఇంకోపాలి చెబుతాను" అన్నాడు. వానలు తగ్గాయి. కార్తీకమాసంలో ఆయనే పోయాడు.

తరవాత నేర్చుకున్న సంగతులు

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తప్పు మైకుదా మనదా అని అప్పుడు విచారించాను. మా మనవడు, తెనాలిలో పెళ్లిళ్లకు మైకులు పెట్టే ఒక పాత మిత్రుడు, ఇద్దరూ కలిసి నాకు పాఠం చెప్పారు. ఇలాంటి పని తలపెట్టే సభ్యులకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు దూరం. మనిషికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపయితే మైకుకు చేరే మాట బలం నాలుగో వంతవుతుంది. గది చప్పుడు మాత్రం ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. జానెడు దూరంలో మనిషి గెలుస్తాడు, అయిదడుగుల దూరంలో ఫ్యాను గెలుస్తుంది. ఎన్ని వేలు పోసినా ఈ లెక్క మారదు. దూరంగా పెట్టిన ఖరీదైన మైకుకంటే దగ్గరగా పెట్టిన చౌక మైకే మేలు.

రెండోది గది. గచ్చు, సున్నం గోడ, అద్దం, రేకు మాటను తిరగగొడతాయి. ఆ ప్రతిధ్వని అసలు మాట మీద పడి అక్షరాలు అలుక్కుపోతాయి. బొంతలు, పరుపులు, దుప్పట్లు, బట్టల బీరువా, జనం, ఇవి పీల్చుకుంటాయి. జనం నిండిన నాటకశాలలో వినపడిన మాట ఖాళీ హాల్లో ఎందుకు గింగిర్లెత్తుతుందో ఇప్పుడర్థమైంది. ఇంట్లో రికార్డింగుకు మంచి చోటు ముందుగది కాదు, పడకగది. మాట్లాడేవాళ్లకు ఎదురుగా దండెం మీద రెండు బొంతలు వేలాడదీస్తే చాలు. స్టూడియో వాళ్లు వేలు పోసి చేసేదీ అదే.

మూడోది ఫ్యాను. రికార్డింగు సేపు ఆపాలి. వేసవిలో పెద్దవాళ్లకు కష్టం గనక ఉదయం ఆరున్నరకు పెట్టుకోవాలి. పావుగంటకొకసారి ఆపి ఫ్యాను వేసి, మజ్జిగిచ్చి, మళ్లీ మొదలుపెట్టాలి. ఫ్రిజ్ కూడా ఆపాలి. ఆపిన వాళ్లు మళ్లీ వేయడం మరవకూడదు, మా ఇంట్లో ఒకరోజు పాలు విరిగిపోయాయి. ఫోనుకు ఛార్జరు తగిలించి రికార్డు చేస్తే ఒక్కోసారి గుయ్యిమనే మోత వస్తుంది, పీకేయాలి. మధ్యలో కాల్ రాకుండా ఏరోప్లేను గుర్తు నొక్కాలి.

నాలుగోది మైకు ఎంపిక. మూడు రకాలున్నాయి.

పెద్ద కండెన్సర్ మైకు సన్నటి శబ్దం కూడా పట్టుకుంటుంది. నిశ్శబ్దమైన గదిలో నోటికి దగ్గరగా పెడితే దాన్ని మించింది లేదు. గది బాగాలేకపోతే గది దోషాలన్నీ చూపిస్తుంది. అసలైన స్టూడియో రకానికి 48 వోల్టుల సరఫరా కావాలి, సెల్‌ఫోను అంత ఇవ్వదు. అందుకు విడిగా పెట్టె కొనాలి. కొనే ముందు దీని గురించి అడగాలి. నేను అడగలేదు.

చేతి డైనమిక్ మైకు మొండిది, చుట్టుపక్కల చప్పుడు తక్కువ పట్టుకుంటుంది. అలవాటున్న వక్తలకు బాగుంటుంది. ఎనభై ఏళ్ల వాళ్లు చేత్తో పట్టుకుంటే చేయి వణుకుతుంది, మాటల ధ్యాసలో ఒళ్లోకి దించేస్తారు. పైగా తిన్నగా ఫోనుకు పెడితే ధ్వని చాలా తక్కువ వస్తుంది.

మూడోది కాలర్ మైకు. గింజంత ఎలక్ట్రెట్ మైకు, చొక్కాకో చీర కొంగుకో పెట్టే క్లిప్పు, పొడుగాటి తీగ. గడ్డానికి జానెడు కింద పెడితే మనిషి అటు తిరిగినా ఇటు తిరిగినా దూరం మారదు. అన్నివైపుల నుంచీ శబ్దం పట్టుకునే రకమైనా నోరు దగ్గర కాబట్టి నోరే గెలుస్తుంది. ముఖ్యంగా, పెట్టుకున్న పది నిమిషాలకు దాన్ని మరిచిపోతారు. మైకును చూసి బిగుసుకుపోయే మన పెద్దవాళ్లకు ఇంతకన్నా కావలసింది ఏముంది? మేము కొన్నది తొమ్మిది వందల లోపే. తీగ ఆరు మీటర్లు, గుండీ బ్యాటరీతో పని చేస్తుంది. బ్యాటరీ స్విచ్చి ఆపకపోతే మర్నాటికి ఖాళీ.

కొనేటప్పుడు పిన్ను చూసుకోవాలి. ఫోనుకు పెట్టే పాత గుండ్రటి పిన్ను మీద మూడు నల్ల గీతలుంటాయి, కెమెరాకు పెట్టేదానికి రెండే. అది దీనికి పెడితే మైకు పని చేయదు, ఫోను తన సొంత మైకుతోనే రికార్డు చేసుకుంటూ పోతుంది, మనకు తెలియదు. కొత్త ఫోన్లలో చాలావాటికి గుండ్రటి రంధ్రమే లేదు, దానికి తగిన పిన్ను అడగాలి. పట్టుచీర, గొలుసు, కండువా మైకుకు రాసుకుంటే బరబరమని వస్తుంది. నూలు చీర కట్టుకోమని ముందే చెప్పాలి.

చివరిది పరీక్ష. ఒక్క నిమిషం రికార్డు చేసి, చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని విని, తరవాతే అసలు సంగతి అడగాలి. కన్నీళ్లు పెట్టించే మాట మనిషి రెండోసారి అదే విధంగా చెప్పడు. అయ్యాక రెండు చోట్ల దాచాలి. బూజు పట్టిన నా క్యాసెట్టు ఇందుకు సాక్ష్యం.

బాపట్లలో ఒక ఉదయం

పాడైన ఆ నలభై ఒక్క నిమిషాలను వదిలేయడానికి మనసొప్పలేదు. హెడ్‌ఫోను పెట్టుకుని రాత్రిళ్లు వింటూ ఒక్కొక్క వాక్యం తెల్లకాగితం మీద రాశాను. అర్థం కానిచోట ఖాళీ వదిలాను. నెలరోజులు పట్టింది. చాలా భాగం వచ్చింది. చివర్లో పేర్లు చెప్పేచోట మూడు వచ్చాయి. పిల్లల్లో ఇద్దరి పేర్లు ఫ్యాను మింగేసింది. ఎన్నిసార్లు విన్నా రాలేదు.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. 1977 నవంబరులో బాధిత గ్రామాలకు వెళ్లి పోయినవాళ్ల వివరాలు రాసుకున్న గుమస్తాల్లో నేనొకణ్ణి. ఇరవై ఏడేళ్లవాణ్ణి. మూడు రోజులు నిద్ర లేదు, తిండి లేదు, ఎటు చూసినా శవాలు. బాబాయ్ కుటుంబం వివరం నేనే నా చిత్తు పుస్తకంలో రాసుకున్నాను. ఆ పుస్తకం ఇంకా నా దగ్గరుంది. తీసి చూశాను. తల్లి పేరుంది. వదినె పేరుంది. దాని కింద నా దస్తూరీతో "పిల్లలు 3" అని ఉంది. అంతే. పేరు అడగడానికి అరనిమిషం పట్టేది. నేను అడగలేదు. కాలం నింపి పక్క ఇంటికి వెళ్లాను. నలభై అయిదేళ్ల తరవాత ఆ పేర్లు చెప్పడానికి మనిషి ఎదురుగా కూర్చుంటే, ఈసారి మైకు దూరంగా పెట్టాను.

2023 ఫిబ్రవరిలో పాసింజరు బండెక్కి బాపట్ల వెళ్లాను. బాబాయ్ భార్య ఇప్పుడు కూతురి దగ్గరుంటున్నారు. ఆ కూతురే ఉప్పెన నాటి పురిట్లో పుట్టిన బిడ్డ. "పిన్నిగారూ, బాబాయ్ చెప్పింది నేను సరిగా పట్టుకోలేకపోయాను. మీరు చెప్పాలి" అన్నాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆయన ఇంట్లో ఎన్నడూ ఆ ఊసెత్తలేదు బాబూ. మీకు చెప్పాడా?" అన్నారు. చెప్పాడన్నాను. అయితే చెబుతానన్నారు.

పడకగదిలో మంచం మీద ఆవిడ, పక్కన కూతురు. తలుపుకు బొంత వేశాం. ఫ్యాను ఆపాం. కొంగుకు మైకు కూతురే పెట్టింది. ఒక నిమిషం పరీక్ష చేసి విన్నాను. ఊపిరి కూడా వినపడింది. అప్పుడు అడిగాను.

ఆవిడ ఉప్పెన గురించి ఎక్కువ చెప్పలేదు, చూడలేదు కదా. పిల్లల గురించి చెప్పారు. పెద్దవాడికి ఈత వచ్చట. రెండోవాడు పిన్నిని వదిలి ఉండేవాడు కాదట, పురిటికి వస్తుంటే రైలుబండి దాకా ఏడుస్తూ వచ్చాడట, వెంట తెచ్చుకుందామంటే మగపిల్లాడు పుట్టింట్లో ఎందుకని ఎవరో అన్నారట. "తెచ్చుకుంటే బతికేవాడు" అన్నారు. అక్కడ చాలాసేపు ఆగారు. ఆ ఆగిన సేపు రికార్డులో ఏ హోరూ లేదు. దూరంగా ఒక కాకి అరుపు, అంతే. తరవాత మూడోదాని పేరు చెప్పారు, రెండేళ్ల ఆడపిల్ల. రెండోవాడి పేరు కూడా చెప్పారు. నాకు కావలసిన పేర్లు ఆ రెండే.

ఆ కుటుంబం కోరిక మీద పేర్లు ఇక్కడ అచ్చు వేయడం లేదు. నా చిత్తు పుస్తకంలో "పిల్లలు 3" అన్నదాని ఎదుట, నలభై అయిదేళ్ల ఆలస్యంగా, మూడు పేర్లూ రాసి తారీఖు వేసి పొడి సంతకం చేశాను. గుమస్తాకు తెలిసిన ప్రాయశ్చిత్తం అదొక్కటే.

సభ్యులకు మనవి. కాలర్ మైకు సంఘం బీరువాలో ఉంది. బ్యాటరీలు రెండు అదనంగా కొనిపెట్టాం. రిజిస్టరులో సంతకం పెట్టి ఎవరైనా తీసుకెళ్లవచ్చు. మీ ఇంట్లో అమ్మ, అత్తగారు, పెదనాన్న, ఎవరున్నా సరే, వానలు తగ్గనీయండి, పండగ వెళ్లనీయండి అని వాయిదా వేయకండి. ఫ్యాను ఆపండి, మైకు జానెడు దూరంలో పెట్టండి, పేర్లు అడగండి. పెద్ద మైకు కూడా బీరువా పైన ఉంది. దాని తప్పేమీ లేదు. మంచి గది దొరికిన రోజున అదీ పనికొస్తుంది.